హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ ఎక్కడ పొరబడింది?

ప్రశ్న (వైద్య విద్యార్థిని, కోఠి):
శస్త్రచికిత్స కోసం క్లోరోఫాం అనే మత్తుమందు ఇచ్చిన రోగులు కొందరు హఠాత్తుగా ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ హయాంలో, 1888లో ఒకటి, 1889లో మరొకటి, మన నగరంలో రెండు కమిషన్లు పనిచేశాయి. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అంతటి వైద్యుడు వచ్చి, వందలకొద్దీ జంతువులపై పరీక్షలు జరిపాక కూడా, ముందు ఆగేది శ్వాసే గాని గుండె కాదన్నారు. అంత శ్రమపడి చేసిన పరిశోధన ఎలా పొరబడిందో తెలిసినవారు వివరించగలరా?

జవాబు 1 (మత్తు వైద్యుడు, సికింద్రాబాద్):
వారు చూసింది అబద్ధం కాదమ్మా. కుక్కకు మోతాదు మించి క్లోరోఫాం పట్టిస్తే నిజంగానే ముందు ఊపిరి ఆగుతుంది, గుండె ఆ తర్వాత కూడా కొంతసేపు కొట్టుకుంటుంది. అయితే రోగుల్లో చాలామంది పోయింది మోతాదు మించి కాదు, మత్తు ఇంకా సరిగా ఎక్కకముందే. 1848లో ఇంగ్లండ్‌లో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ల అమ్మాయి కాలిగోరు తీయించుకోవడానికి భయంతో ఏడుస్తూనే కుర్చీలో కూర్చుని క్లోరోఫాం పీల్చింది. కొద్ది నిమిషాల్లోనే ప్రాణం విడిచింది. ఆ చిక్కుముడి విప్పింది గుడ్‌మన్ లెవీ అనే బ్రిటిష్ వైద్యుడు. తేలికపాటి క్లోరోఫాం మత్తులో ఉన్న పిల్లులకు అడ్రినలిన్ అనే హార్మోన్ ఎక్కిస్తే గుండె లయ తప్పి, రక్తాన్ని తోయలేక వణుకుతూ ఆగిపోతుందని ఆయన 1911లో చూపించారు. బెదిరిన మనిషి ఒంట్లో ఆ అడ్రినలిన్ దానంతటదే ఊరుతుంది.

జవాబు 2 (చరిత్ర అధ్యాపకురాలు, నారాయణగూడ):
దీనికి మరో కారణం కూడా ఉందని నా అభిప్రాయం. కమిషన్లకు మూలపురుషుడైన రెసిడెన్సీ (హైదరాబాద్‌లోని బ్రిటిష్ ప్రతినిధి కార్యాలయం) సర్జన్ ఎడ్వర్డ్ లారీ, ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ అనే సర్జన్ దగ్గర చదువుకున్నవారు. శ్వాసను కనిపెట్టి ఉంటే చాలు, నాడి చూడనక్కర్లేదన్నది ఆ గురువు పద్ధతి. మొదటి కమిషన్ ఫలితాలను లండన్ వైద్య పత్రిక లాన్సెట్ నమ్మకపోతే, ఆ పత్రికే ఒక నిపుణుణ్ణి పంపేలా లారీ నిజాం చేత 1,000 పౌండ్లు ఇప్పించారు. విమర్శకులనే పిలిచి పరీక్షించమనడం మెచ్చుకోదగ్గ పని. ఊపిరిపై కన్నువేసి ఉంచమన్న సలహా మేలే చేసింది, నాడిని వదిలేయమన్నదే ప్రమాదకరం. ఒక్క మాట చేర్చాలి: హైదరాబాద్‌లోనే వైద్యం చదివి, ఆ రోజుల్లోనే రోగులకు క్లోరోఫాం ఇచ్చిన రూపాబాయి ఫర్దూంజీ పేరు మన విద్యార్థులకు తప్పక చెప్పాలి.