74 ఏళ్ల వయసులో సీఏపీడీ (ఇంట్లోనే కడుపులోకి ద్రవం ఎక్కించి, తీసి చేసే డయాలిసిస్): ఇన్ఫెక్షన్ భయం ఎంత?

ప్రశ్న: రోజుకు 3 బ్యాగుల ద్రవం మార్చాలి. పేషెంటుకు చేతులు వణుకుతాయి, చూపు తక్కువ. పెరిటోనైటిస్ (కడుపు లోపలి పొరకు ఇన్ఫెక్షన్) వస్తే ప్రాణానికే ముప్పా?

జవాబు 1: ముప్పే, కానీ వయసుకన్నా ఆ వణుకుతోనే భయం. ట్యూబు కొన దుప్పటికి తగిలినా చాలు. బ్యాగు మార్చడం ఇంట్లో ఇంకొకరికి నేర్పించండి. ఫ్యాను ఆపి, మాస్కు కట్టుకుని, కడిగిన చేతులు పూర్తిగా ఆరాకే మూత తీయాలి.

జవాబు 2: బయటికొచ్చిన నీళ్ల బ్యాగును న్యూస్‌పేపర్ మీద పెట్టండి. అక్షరాలు మసగ్గా కనిపిస్తే ఆ బ్యాగుతో సహా అదే రోజు ఆసుపత్రికి. నొప్పి వచ్చేదాకా ఆగొద్దు. ఆ నీళ్లలో మైక్రోలీటరుకు తెల్లకణాలు 100 దాటి, వాటిలో సగానికి పైగా న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే రకం తెల్లకణాలు) ఉంటే యాంటీబయాటిక్ సాధారణంగా కడుపులోకే ఎక్కిస్తారు. సరైన మందు పడినా 5 రోజులకు నీళ్లు తేటపడకపోతే సాధారణంగా కేథటర్ (కడుపులో అమర్చిన ట్యూబు) తీసేయడమే.

జవాబు 3: మలబద్ధకం సంగతి మరిచారే! పేగుల్లోని క్రిములు అటునుంచీ వస్తాయి. ఆయుష్షు విషయానికొస్తే గుండె, తిండి, ఇంకా వస్తున్న మూత్రం కూడా చూడాలి. నీళ్లతోపాటు ప్రొటీన్ పోతుంది, గుడ్డు మాన్పించొద్దు.