సొంత డొమైన్‌కు చెల్లింపు ఈమెయిల్ సేవ: దేన్ని చూసి ఎంచుకోవాలి?

ప్రశ్న
అందరికీ నమస్కారం. మా చిన్న సంస్థకు సొంత డొమైన్ ఉంది. ఇంతవరకు వెబ్ హోస్టింగ్‌తో పాటు వచ్చిన ఈమెయిల్‌నే వాడుతున్నాం గానీ, మేము పంపే మెయిళ్లు తరచుగా అవతలివారి స్పామ్ ఫోల్డర్‌లో పడుతున్నందువల్ల, విడిగా డబ్బు చెల్లించి మంచి సేవ తీసుకోవాలనుకుంటున్నాం. పనిచేసేది నలుగురమే అయినా విచారణలకు, బిల్లులకు, ఉద్యోగ దరఖాస్తులకు వేరువేరు చిరునామాలు కావాలి. అందరం కంప్యూటర్‌లో థండర్‌బర్డ్, ఫోన్‌లో మామూలు మెయిల్ యాప్ వాడతాం. పేర్లు చాలా వినిపిస్తున్నాయి. దేన్ని బట్టి తేల్చుకోవాలో చెప్పగలరు.

జవాబు 1
ముందుగా ఈమెయిల్ సేవ ఇచ్చే సంస్థ రుసుమును దేని లెక్కన వసూలు చేస్తుందో చూడండి. గూగుల్ వర్క్‌స్పేస్, మైక్రోసాఫ్ట్ 365, జోహో మెయిల్ వంటివి వాడుకరుల సంఖ్యను బట్టి తీసుకుంటాయి. అయితే బిల్లుల చిరునామాకు ప్రత్యేకంగా మెయిల్‌బాక్స్ కొననక్కరలేదు. ఉన్న ఖాతాకే దాన్ని ఏలియాస్‌గా, అంటే అదే ఖాతాలోకి మెయిళ్లు చేరే మరో చిరునామాగా, జోడిస్తే సరిపోతుంది. గూగుల్‌లో ఒక్కో వాడుకరికి అదనపు రుసుము లేకుండా 30 ఏలియాస్‌ల వరకు పెట్టుకోవచ్చు. మిగాడు అనే సేవ పద్ధతి వేరు: మెయిల్‌బాక్స్‌ల సంఖ్యతో దానికి పని లేదు, రోజుకు వచ్చిపోయే మెయిళ్లకు మాత్రం పరిమితి ఉంటుంది.

మీరు థండర్‌బర్డ్ వాడతారు కాబట్టి ఐమ్యాప్ (మెయిళ్లను సర్వర్‌లోనే ఉంచి ఇలాంటి ప్రోగ్రామ్‌లలో చూసుకునే పద్ధతి) ఉన్నదే ఎంచుకోవాలి. గోప్యతకు పేరున్న టూటా, ప్రోటాన్ సేవల్లో, టూటాలో అది లేదు. ప్రోటాన్‌లో దానికోసం బ్రిడ్జ్ అనే ప్రోగ్రామ్‌ను కంప్యూటర్‌లో నడపాలి, అది ఫోన్‌లో పనిచేయదు. గోప్యతే ముఖ్యమైనవారికి ఆ ఇబ్బంది సమంజసమే గానీ, మీ అవసరానికి ఫాస్ట్‌మెయిల్ వంటి సాదా సేవ చాలునని నా అభిప్రాయం. పత్రాలు, క్యాలెండర్లు కలిసి వాడుకునే పని ఉంటేనే గూగుల్, మైక్రోసాఫ్ట్‌ల వైపు వెళ్లండి.

జవాబు 2
పై సలహాతో ఏకీభవిస్తూనే ఒక మాట చెప్పాలి: సంస్థ మారినంత మాత్రాన స్పామ్ సమస్య తీరదు. చవక హోస్టింగ్‌లో ఒకే ఐపీ చిరునామాను (నెట్‌లో సర్వర్‌ను గుర్తించే సంఖ్యను) ఎందరో పంచుకుంటారు గనుక, పక్కవాడు పంపే చెత్త మెయిళ్ల అపకీర్తి మీకూ అంటుకుంటుంది. సంస్థ మారితే ఆ బెడద మాత్రమే తగ్గుతుంది. మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని అవతలి సర్వర్ సరిచూసుకునే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులను మీ డొమైన్ డీఎన్‌ఎస్‌లో (డొమైన్ వివరాలుండే పట్టికలో) మీరే సరిగా పెట్టుకోవాలి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కు రోజుకు 5,000కు పైగా పంపేవారికి ఈ మూడూ తప్పనిసరి. అంత పంపని మీరు కూడా పెట్టుకోవడమే మేలు.

చాలామంది తడబడేది ఎస్‌పీఎఫ్ దగ్గరే, అంటే మీ పేరుతో మెయిల్ పంపగల సర్వర్ల జాబితా దగ్గరే. ఒక డొమైన్‌కు ఒకే ఎస్‌పీఎఫ్ రికార్డు ఉండాలి, దాన్ని సరిచూసేటప్పుడు జరిగే డీఎన్‌ఎస్ అన్వేషణలు 10 దాటకూడదు. పాతది వదిలేసి పక్కనే కొత్తది చేరిస్తే రెండూ చెల్లవు. మీ వెబ్‌సైట్‌లోని ఫారం పాత సర్వర్ నుంచే మెయిళ్లు పంపుతుంటే, దాన్ని కూడా ఆ ఒక్క రికార్డులోనే చేర్చాలి.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ ధన్యవాదాలు. మారే సమయంలో వచ్చే మెయిళ్లు పోతాయా? పాతవాటి సంగతేమిటి?

జవాబు 3
క్రమం తప్పకపోతే ఏదీ పోదు. ముందు రోజే ఎంఎక్స్ రికార్డు (మెయిళ్లు ఏ సర్వర్‌కు రావాలో చెప్పేది) టీటీఎల్‌ను, అంటే ఇతర సర్వర్లు ఆ వివరాన్ని గుర్తుంచుకునే సమయాన్ని, తగ్గించండి. కొత్త సేవలో మెయిల్‌బాక్స్‌లు, ఏలియాస్‌లు అన్నీ సృష్టించిన తరువాతే ఎంఎక్స్ మార్చండి. చిరునామా లేనిచోటికి వచ్చిన మెయిల్ వెంటనే వెనక్కి పోతుంది. కొన్ని సర్వర్లు కొంతసేపు పాతచోటికే పంపుతాయి కాబట్టి, పాత ఖాతాలను కొన్ని వారాలు ఉంచి, ఐమ్యాప్‌సింక్ వంటి సాధనంతో అందులోవి కొత్తదానికి తెచ్చుకోండి. ఎవరైనా థండర్‌బర్డ్‌ను పాప్ పద్ధతిలో (మెయిళ్లను కంప్యూటర్‌లోకి దించుకునేలా) పెట్టుకొని ఉంటే వారి పాత మెయిళ్లు సర్వర్‌లో లేకపోవచ్చు. ఆ కంప్యూటర్ నుంచే ఎక్కించాలి.

ఇంకొకటి, డొమైన్ రిజిస్ట్రార్ (డొమైన్‌ను నమోదు చేసిన సంస్థ) ఖాతాకు అదే డొమైన్‌లోని చిరునామా ఇవ్వకండి. గడువు తీరి డొమైన్ ఆగిపోతే, పునరుద్ధరణకు వచ్చే మెయిల్ కూడా మీకు అందదు.