పీణ్యలో పవర్ ప్రెస్సుల హోరు: చెవులకు ఎంతవరకు క్షేమం?

ప్రశ్న: బెంగళూరు పీణ్యలోని ఒక షెడ్డులో పవర్ ప్రెస్సుల మధ్య రోజుకు 8 గంటలు పనిచేస్తున్నాను. ఇంటికి చేరాక కూడా చెవుల్లో గుయ్యిమంటోంది. ఫోన్‌లో కొలిస్తే 94 డెసిబెల్స్ చూపింది. ఇది ప్రమాదమేనా అండీ?

జవాబు 1: ప్రమాదమేనండీ. మన ఫ్యాక్టరీ నిబంధనలు 8 గంటలకు 90 డెసిబెల్స్ వరకు అనుమతిస్తాయి గానీ, కార్మికుల ఆరోగ్య భద్రతపై పరిశోధించే అమెరికా సంస్థ నియాష్ సూచించే పరిమితి 85 మాత్రమే. ఆపై ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగానికి తగ్గుతుంది కనుక, 94 దగ్గర మీకు మిగిలేది ఒక్క గంటే. లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే రోమకణాలు నశిస్తే మళ్లీ పుట్టవు.

జవాబు 2: ఫోన్ కొలతను పూర్తిగా నమ్మకండి, వినికిడిని కొలిచే ఆడియోమెట్రీ పరీక్ష చేయించుకోండి. దూది చాలదు (నేనూ ఏళ్ల తరబడి అదే పెట్టుకున్నాను). ఫోమ్ ఇయర్‌ప్లగ్‌ను వేళ్లతో సన్నగా నలిపి, చెవిని పైకి లాగి లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా పట్టుకోవాలి.