పాత ఇంటి గోడకి మేకు నిలవట్లేదు, ఎల్లుండే ప్రదర్శన

పాతిల్లు: పొద్దున్నుంచీ దీంతోనే సరిపోయింది. ఊరి కళాకారుల బొమ్మలు, నేతబట్టలు, వంటలు అన్నీ ఒక పాత ఇంట్లో పెడతానని ఒప్పుకున్నాను. డ్రిల్ పెడితే పిడికెడు పొడి రాలుతోంది, కన్నంలో దూర్చే ప్లాస్టిక్ ప్లగ్గు బిగుసుకోదు. పొడుగు మేకులు కొట్టినా ఊగుతున్నాయి. టెన్షన్‌తో చస్తున్నా. సిమెంటు పూసి మళ్లీ కొట్టనా?

ఒక్కముక్క: గోడ దేనిది?

దీపాలపిచ్చి: మేకుల సంగతి సరే, లైట్లేం పెడుతున్నారు? నేతబట్టలకీ నీటిరంగుల బొమ్మలకీ వెలుతురు 50 లక్స్ (వెలుగు కొలత) దాటకూడదు. నూనెరంగులకి 200 దాకా పర్వాలేదు. ఒకసారి వెలిసిన రంగు మళ్లీ రాదు. ఎండపడే కిటికీ ఎదురుగా బట్ట వేలాడదీసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పాతిల్లు: లైట్ల గురించి అడగలేదండీ. ఇటుక గోడ, పైన సున్నం పూత.

ఒక్కముక్క: ముందే చెప్పాలి అది.

సున్నంపని: సిమెంటు జోలికి పోకండి. సున్నపు పూత గోడలో చెమ్మని బయటికి వదులుతుంది. సిమెంటుతో ఆ దారి మూస్తే చెమ్మ పక్కకి పాకి, చుట్టూ ఉన్న పాత పూత పెచ్చులుగా ఊడుతుంది. కన్నాలు సున్నం, ఇసుకతోనే పూడ్చండి. బరువు గోడ మీద వేయకుండా, నేలమీద నిలబడే చెక్క చట్రాలు చేయించి పటాలు వాటికి తగిలించండి. బయటి గోడకి ఆనించారో, వెనక బూజు పడుతుంది.

పాతిల్లు: చట్రాలకి చోటేదండీ? గది మధ్యలో పొయ్యిలున్నాయిగా.

ఒక్కముక్క: ఏ పొయ్యిలు?

పాతిల్లు: వంటలు వేడివేడిగా అక్కడే చేసి పెడదామని.

సున్నంపని: బొమ్మలున్న గదిలోనా! నూనెపొగ నేతబట్టకి పడితే వదలదు. పైన చెక్క దూలాలుంటే మంట సంగతి చెప్పక్కర్లేదు. వంట బయట పెట్టండి. తినడం కూడా బయటే, మెతుకులు రాలితే పురుగులు చేరతాయి.

చార్టర్‌బాబు: పాత కట్టడాల పరిరక్షణకి రాసుకున్న అంతర్జాతీయ పత్రం, 1964 వెనిస్ చార్టర్, అందులో 5వ అధికరణం చూడండి. పాత కట్టడాన్ని సమాజానికి పనికొచ్చేలా వాడుకోవడం మంచిదే, దాని అమరిక, అలంకరణ మాత్రం మారకూడదు. పొయ్యిలు పెడితే అది ప్రదర్శన కాదు, సంత.

దీపాలపిచ్చి: వంట కళ కాదా ఏంటి?

చార్టర్‌బాబు: కాదని నేననలేదు. సరిగ్గా చదవండి.

దీపాలపిచ్చి: సంత అన్నది మీరే కదండీ.

ఒక్కముక్క: ఇంటివాళ్లు డ్రిల్లుకి ఒప్పుకున్నారా?

పాతిల్లు: వడ్రంగి దొరికాడు, పొయ్యిలు పెరట్లోకి మార్చాం. థాంక్సండీ, ఉంటా.