మార్పులు చేసిన కోబో క్లారా హెచ్‌డీని కొన్ననాటి స్థితికి తేవడం ఎలా?

ప్రశ్న (అమలాపురం నుంచి)

మా అన్నయ్య కెనడా నుంచి తెచ్చిచ్చిన కోబో క్లారా హెచ్‌డీ అనే ఈ-బుక్ రీడరులో, స్కాన్ చేసిన తెలుగు పీడీఎఫ్‌ల అంచులు కత్తిరించుకుని చదవవచ్చని కోరీడర్ అనే చదివే ప్రోగ్రామును, దాన్ని తెరిచే కేఎఫ్‌మాన్ అనే చిన్న ప్రోగ్రామును ఎక్కించుకున్నాను. ఇప్పుడు దాన్ని మేనకోడలికి ఇవ్వదలచి, కంప్యూటరుకు తగిలించి, చుక్కతో మొదలయ్యే ‘యాడ్స్’ ఫోల్డరును తుడిచేశాను. అయినా లైబ్రరీలో కోరీడర్ బొమ్మ పుస్తకం అట్టలాగా అలాగే ఉంది; తాకితే ఉలుకూ పలుకూ లేదు. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఇవన్నీ పోతాయా, లేక అసలుకే మోసం వస్తుందా?

జవాబు (పాలకొల్లు నుంచి)

మీరు తుడిచింది సగమేనండి. ఆ అట్టబొమ్మ పుస్తకాల పక్కనే ఉండే పీఎన్‌జీ ఫైలు. దాన్ని తాకగానే కోరీడర్‌ను లేపే కేఎఫ్‌మాన్‌లో కొంత భాగం కంప్యూటరుకు కనిపించని సిస్టమ్ విభాగంలో ఉంటుంది. ఈ యంత్రంలో నిల్వ మూడు భాగాలుగా ఉంటుంది: నడిచే సిస్టమ్, దాని అసలు ప్రతిని దాచిన రికవరీ, పుస్తకాలుండే చోటు. రీసెట్ చేసినప్పుడు రికవరీలోని ప్రతి సిస్టమ్ స్థానంలోకి వస్తుంది, పుస్తకాల చోటు ఖాళీ అవుతుంది కాబట్టి మీరు చేసిన మార్పులేవీ మిగలవు.

ముందుగా మీరు పుస్తకాల్లో వాక్యాల కింద గీసుకున్న గీతలను, రాసుకున్న వ్యాఖ్యలను దాచుకోండి. అవి రెండు చోట్ల ఉంటాయి. కోబో సొంత రీడరులో గీసినవి చుక్క కోబో ఫోల్డరులోని కోబోరీడర్ డాట్ ఎస్‌క్యూలైట్ ఫైలులోను, కోరీడర్‌లో గీసినవి ఒక్కో పుస్తకం పక్కన ‘ఎస్‌డీఆర్’ అని ముగిసే ఫోల్డరులోను ఉంటాయి. ఆ తరువాత నిండుగా చార్జింగ్ పెట్టి (ఈ వానల్లో మన కరెంటును నమ్మలేం కదా), సెట్టింగ్స్‌లో డివైస్ ఇన్ఫర్మేషన్‌లోకి వెళ్లి రీసెట్ నొక్కండి.

జవాబు (భీమవరం నుంచి)

ఒక్క నికెల్‌మెనూ (కోబో మెనూలో కొత్త అంశాలు చేర్చే ప్రోగ్రాము) మాత్రమే ఉన్నవారికి ఇంత శ్రమ అక్కరలేదు. దాని ‘ఎన్ఎం’ ఫోల్డరులో ‘అన్‌ఇన్‌స్టాల్’ అనే పేరుతో ఖాళీ ఫైలు పెట్టి తిరిగి ఆన్ చేస్తే చాలు. మీ విషయంలో రీసెట్టే సరైనది. అదీ పనిచేయకపోతే మాత్రం, లోపలున్న 8 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డును బయటికి తీసే ఆలోచన రాగానే ఫైళ్లను కాపీ చేసి ఊరుకోవద్దు. యంత్రం సీరియల్ నంబరు ఏ ఫోల్డరులోనూ కాక కార్డు మొదట్లోనే రాసి ఉంటుంది గనుక, కార్డు మొత్తాన్ని ఉన్నదున్నట్టుగా ఇమేజ్ (ఒకే ఫైలుగా పూర్తి నకలు) తీయాలి.

అడిగినవారు

కార్డు జోలికి వెళ్లే అవసరం రాలేదండి. రీసెట్ అయ్యాక భాష అడిగింది, వైఫై అడిగింది, పాత వెర్షన్‌తో లేచి తనంతట తానే అప్‌డేట్ చేసుకుంది. కోరీడర్ బొమ్మ లేదు. తెలుగు ఫాంటు కూడా పోయింది కాబట్టి ‘ఫాంట్స్’ అనే ఫోల్డరు మళ్లీ సృష్టించి అందులో వేశాను. ఎస్‌డీఆర్ ఫోల్డర్లను మాత్రం నా కంప్యూటరులోనే ఉంచుకున్నాను. మేనకోడలి కంట పడకూడని వ్యాఖ్యలు వాటిలో కొన్ని ఉన్నాయి.