చార్టులో పొరలు: ప్రతిదానికీ నంబరు ఇవ్వాలా, రాసిన వరుసే చాలా?

వంశధార_ఒడ్డు (గుణుపురం):
ఇక్కడ కొందరం కలిసి వంశధార వరద చార్టు తయారు చేస్తున్నాం. వాన బార్లుగా, నది మట్టం నీలి గీతగా, ప్రమాద స్థాయి ఎర్రగీతగా, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిన రోజులు వెనక లేత పట్టీగా. పైథాన్‌లో చార్టులు గీసే లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో రాస్తున్నాం. గుణుపురం, కాశీనగర్, పర్లాకిమిడి వైపు మన తెలుగువాళ్లకు చూపించాలని. ఏది పైన కనబడాలో, ఏది అడుగున ఉండాలో కోడ్‌లో ఎలా చెప్పాలన్న దగ్గర మాకు పేచీ వచ్చింది. ఒకాయన ప్రతిదానికీ జెడ్‌ఆర్డర్ నంబరు (పెద్ద నంబరు ఉన్నది పైన) రాసెయ్యమంటారు. ఇంకొకరు నంబర్లు వద్దు, అడుగున ఉండాల్సింది ముందు రాస్తే చాలంటారు. చాలామంది చేతులు పడే కోడ్ ఇది. మీరేమంటారు?

బరంపురం_మాస్టారు:
నంబర్లు వద్దు. నేను పిల్లలకు ఆర్ భాషలో చార్టులు గీసే జీజీప్లాట్2 చెబుతాను. ప్లస్ గుర్తు పెట్టి ఒక్కో పొర కలుపుకుంటూ పోతాం. ముందు కలిపింది అడుగున, తర్వాత కలిపింది పైన. పొరకు నంబరు ఇచ్చే పనే లేదు. కోడ్ చదువుతుంటేనే బొమ్మ ఎలా పేరుకుందో తెలిసిపోతుంది. నంబర్లు మొదలుపెడితే ఒకరు 10 అంటారు, దాని పైకి రావాలని ఇంకొకరు 100 అంటారు, ఆ పైన 999. ఆర్నెల్లు పోయాక ఆ 999 ఎందుకో రాసినవాళ్లే చెప్పలేరు.

రాయగడ_డేటా:
మాస్టారూ, జీజీప్లాట్ వరకు మీ మాట నిజం. కానీ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో మనం నంబరు ఇవ్వకపోతే అదే ఇచ్చుకుంటుంది. ఇమేజ్‌కి 0, బార్ల లాంటి ప్యాచ్‌లకు (రంగు నింపిన ఆకారాలకు) 1, గీతలకు 2, అక్షరాలకు 3. నంబరు సమానంగా ఉన్నప్పుడే రాసిన వరుస లెక్కలోకి వస్తుంది. అందుకే గీత ముందు రాసి బార్లు తర్వాత రాసినా గీతే పైన ఉంటుంది. స్క్యాటర్‌తో వేసే చుక్కలకు 1. మట్టం గీత మీద కొలత చుక్కలు కనబడాలని వాటిని ఆఖర్న రాసినా అవి గీత కిందే పడతాయి. వరుసను నమ్ముకుంటే ఇదెందుకో ఎంత వెతికినా దొరకదు.

తిత్లీ పట్టీ సంగతీ అంతే. నిలువు పట్టీ గీసే ఏఎక్స్‌వీస్పాన్‌తో వేస్తే అదీ ప్యాచే, దానికీ 1. బార్ల తర్వాత రాస్తే వాటి మీద పడి, సరిగ్గా ఆ రోజుల వానే వేరే రంగులో కనిపిస్తుంది. చూసేవాళ్లు అది వేరే రకం లెక్క అనుకుంటారు. బార్లున్న అక్షం మీదే వేసి దానికి 0 ఇస్తే ఎక్కడ రాసినా బార్ల వెనకే ఉంటుంది.

వంశధార_ఒడ్డు:
థాంక్స్ అక్కా, మా చుక్కలు ఎక్కడికి పోయాయో ఇప్పుడు తెలిసింది. కానీ మాకు బార్లే ఎర్రగీతను కప్పేస్తున్నాయి! మట్టం, ప్రమాద స్థాయి ఎడమ అక్షం మీద ఉన్నాయి. వానకు రెండో నిలువు అక్షం ఇచ్చే ట్విన్‌ఎక్స్‌తో కుడి అక్షం పెట్టాం. ఎర్రగీతకు 50 ఇచ్చినా పైకి రావడం లేదు.

బరంపురం_మాస్టారు:
నేను చెప్పింది ఇదే. 50 ఇచ్చారు, పని కాలేదు. రేపు 500 ఇస్తారు.

రాయగడ_డేటా:
500 ఇచ్చినా రాదు మాస్టారూ. ఆ నంబరు తన అక్షం లోపలే చెల్లుతుంది. ముందు అక్షాల మధ్య వరుస తేలాలి, ఆ తర్వాతే ఒక్కో అక్షంలో ఉన్నవాటి మధ్య. రెండు అక్షాలకూ నంబరు 0. ట్విన్‌ఎక్స్ తర్వాత పుట్టింది కాబట్టి అందులోవన్నీ పైన. ఎడమ అక్షానికే సెట్_జెడ్‌ఆర్డర్‌తో 1 ఇవ్వండి. అలా ఇవ్వగానే దాని తెల్లటి నేపథ్యం వచ్చి బార్లన్నిటినీ మూసేస్తుంది, కంగారుపడొద్దు. ఆ నేపథ్యానికి, అంటే ఆ అక్షం ప్యాచ్‌కి, సెట్_విజిబుల్ ఫాల్స్ పెడితే బార్లు మళ్లీ కనిపిస్తాయి.

దీన్ని అందం సంగతిగా తీసుకోకండి. వాన బాగా పడ్డ రోజే బారు ఎత్తుగా లేస్తుంది. అంటే ఎర్రగీత ఎప్పుడు చూడాలో సరిగ్గా అప్పుడే అది కనబడకుండా పోతుంది. నది ఒడ్డున ఉండేవాళ్లకు ఇచ్చే చార్టులో ఆ గీత పైన ఉందా లేదా అన్నది లైబ్రరీ డిఫాల్టుకు వదిలేయకూడదు.

ప్రాణహిత_సిరొంచ:
మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ, ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు. 2022 జులై వరద మట్టాలు డీ3తో (బ్రౌజర్‌లో చార్టులు గీసే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) గీశాం. అది గీసేది ఎస్‌వీజీ అనే బొమ్మల ఫార్మాట్‌లో. అందులో బ్రౌజర్లు జెడ్‌ఇండెక్స్‌ను (వెబ్ పేజీల్లో పైన-కింద చెప్పే నంబరు) పట్టించుకోవు. ముందున్న ఎలిమెంటు కింద, తర్వాతది పైన, అంతే. అంటే మాస్టారి పద్ధతే. అయినా మేం అంతటితో వదల్లేదు. మొదట్లోనే ఖాళీ జీ గ్రూపులు వేసి నేపథ్యం, వాన, మట్టం, హెచ్చరిక అని పేర్లు పెట్టాం. ఎవరు ఏ మూల కోడ్ రాసినా వాళ్ల బొమ్మ ఆ గ్రూపులోకే పోతుంది. మౌస్ పెట్టిన గీతను డీ3లోని రైజ్‌తో పైకి తెచ్చినా అది తన గ్రూపులోనే పైకి వస్తుంది, హెచ్చరికను దాటదు.

బరంపురం_మాస్టారు:
ఇది బాగుంది. చదివేవాడికి పేరు కనిపిస్తోంది, నంబరు కాదు. నా అభ్యంతరమంతా ఆ 999 మీదే.

రాయగడ_డేటా:
మరి ఇక్కడా అలాగే చేయొచ్చు. ఫైలు మొదట్లో ఈ పేర్లే రాసి, ఒక్కో పేరుకు ఒక నంబరు ఇవ్వండి. కింద కోడ్‌లో ఎక్కడా అంకె వేయకూడదు, పేరే వాడాలి. మధ్యలో కొత్త పొర కావాలంటే 1.5 లాంటివీ పెట్టుకోవచ్చు, అది పూర్ణాంకమే కానక్కర్లేదు. గ్రిడ్ గీతలు డిఫాల్టుగా ఉండేది 1.5 లోనే.

బరంపురం_మాస్టారు:
ఒకే అక్షం, రెండు గీతలు ఉన్న చిన్న చార్టుకు మాత్రం ఇదంతా అక్కర్లేదంటాను. అన్నిటికీ పేర్ల పట్టిక పెట్టమంటే కొత్తగా నేర్చుకునే పిల్లలు భయపడిపోతారు.

రాయగడ_డేటా:
చిన్నవాటికి ఒప్పుకుంటాను. రెండో అక్షం వచ్చిందంటే మాత్రం ఒప్పుకోను.

వంశధార_ఒడ్డు:
ఎడమ అక్షం పైకి తెచ్చాం, ఎర్రగీత అంతటా కనిపిస్తోంది. పేర్ల పట్టిక కూడా పెడుతున్నాం. ఎర్రగీత 50 తీసేసి 4 చేశాం. ఇప్పుడు లెజెండ్ పెట్టె (ఏ రంగు దేనిదో చెప్పేది) వచ్చి దాని మీద కూర్చుంది.

రాయగడ_డేటా:
లెజెండ్‌కు డిఫాల్టుగా 5. నంబరు మార్చకండి, అప్పుడు గీత పోయి లెజెండ్ అక్షరాలను కొట్టేస్తుంది. పెట్టెనే చార్టు బయటికి జరపండి.