కౌంటీని ‘జిల్లా’ అని రాయొచ్చా?

గట్టురాయి: అమెరికా కబుర్లు రాసేటప్పుడు కౌంటీ బదులు ‘జిల్లా’ అంటే నష్టమేంటి? రాష్ట్రం కింద భాగమే కదా. కోర్టు, జైలు, దస్తావేజుల రిజిస్ట్రేషన్ అన్నీ అక్కడే. లూసియానాలో పారిష్ అంటారు, అలాస్కాలో బరో అంటారు. పేరు మారితే పని మారుతుందా?

కరణం: పనే మారుతుందండీ. మన కలెక్టర్‌ని ప్రభుత్వం వేస్తుంది, బదిలీ చేస్తుంది. టెక్సాస్ కౌంటీని నడిపే కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు ఓట్లతో గెలిచి వచ్చినవాళ్లు. కౌంటీ పోలీసు పెద్ద షెరీఫ్ కూడా అంతే. ఆయన్ని గవర్నర్ ఇంకో కౌంటీకి బదిలీ చెయ్యలేడు.

పైగా కనెటికట్ 1960లోనే కౌంటీ ప్రభుత్వాలను ఎత్తేసింది. 8 కౌంటీలు పటం మీద గీతలుగా మిగిలాయి. 2022లో జనాభా లెక్కలు తీసే సెన్సస్ బ్యూరో వాటినీ వదిలేసి 9 ప్రణాళికా ప్రాంతాలను తీసుకుంది. పాత జనాభా పట్టికను కొత్తదానితో కలపబోతే కౌంటీల కోడ్ నంబర్లు కుదరవు. కలెక్టరేటే లేని జిల్లా అని రాస్తారా?

పొలిమేర: వర్జీనియా సంగతి ఇంకా చిత్రం. 95 కౌంటీలు, వాటిలో దేనికీ చెందని 38 నగరాలు. ఫెయిర్‌ఫాక్స్ సిటీ చుట్టూ ఫెయిర్‌ఫాక్స్ కౌంటీయే, అయినా సిటీ అందులో భాగం కాదు. కౌంటీ కోర్టు మాత్రం సిటీ మధ్యలో ఉంటుంది, ఆ ఆవరణ వరకు కౌంటీదే! పోస్టల్ అడ్రసులో ‘ఫెయిర్‌ఫాక్స్’ అని ఉన్నంత మాత్రాన సిటీ అనుకోకండి, కౌంటీలోని చాలా ఇళ్లకీ అదే పేరు. ఏటా కట్టే కారు పన్ను సిటీకా, కౌంటీకా అన్నది బండి మామూలుగా ఉండే చోటును బట్టి తేలుతుంది. అడ్రసు ఏ కౌంటీలోకి వస్తుందో చెప్పే సెన్సస్ జియోకోడర్ వెబ్‌సైట్‌లో ఇంటి నంబరు, వీధి కొట్టి చూసుకోవాలి.

గట్టురాయి: వర్జీనియాది వింత కేసు. దాన్ని పట్టుకుని మాట మార్చుకోం కదా! ‘కౌంటీ’ అంటే ఊళ్లో ఉన్న పాఠకుడికి ఏం తెలుస్తుంది?

కరణం: సరే, మన వాళ్లు బాగా ఉండే టెక్సాస్‌లోని ఫ్రిస్కోనే తీసుకోండి. ఊరు ఒకటే, కానీ కాలిన్, డెంటన్ కౌంటీలు రెండింట్లోనూ ఉంది. అటు ఇంటి దస్తావేజు కాలిన్ కౌంటీ క్లర్క్ దగ్గర, ఇటుది డెంటన్ క్లర్క్ దగ్గర. పన్ను కోసం ఇంటి విలువ కట్టేది మళ్లీ అప్రైజల్ డిస్ట్రిక్ట్. విలువ ఎక్కువేశారనుకుంటే మే 15లోగా, లేదా నోటీసు పంపిన 30 రోజుల్లోగా, ఏది తర్వాతైతే ఆ గడువులో, మీ కౌంటీ వైపు డిస్ట్రిక్ట్‌లోనే అభ్యంతరం పెట్టాలి. ప్రభుత్వ బడులు నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ ఇంకోటి, అది రెండు కౌంటీల్లోకీ పాకింది. కౌంటీకే ‘జిల్లా’ ఇచ్చేస్తే ఈ డిస్ట్రిక్ట్‌లను ఏమంటారు?

గట్టురాయి: ...స్కూల్ డిస్ట్రిక్ట్ సంగతి తట్టలేదు.